సుగ్గి సెలవు

మా పక్క సుగ్గి అంటే ఊరు ఖాళీ కావడమే. ఆదోని, కోసిగి దిక్కు పల్లెల్లో సంకురాత్రి పోయిందంటే చేన్లో పనుండదు. గిన్నెలు, జొన్నపిండి, పిల్లోళ్లు, అన్నీ ఎత్తుకొని గుంటూరు దిక్కు మిరపకాయల కోతకు పోయేది. బోయోళ్లూ పోతారు, వేరేవాళ్లూ పోతారు. మా మాదిగ గేరి మాత్రం మొత్తం పోయేది. కుక్కలు, నడవలేని ముసలోళ్లు మిగిలేది.

1984లో నేను ఏడో తరగతి. ఏడుకు జిల్లా అంతా ఒకే పరీక్ష. మా నాయనకు సదువు రాదు గానీ సదువంటే భక్తి. "సార్ను అడగకుండా పిల్లోన్ని తీసకపోతే తప్పు కదే" అన్నాడు అమ్మతో. "అడిగితే కదా తప్పు, ఊరకుండు" అనింది అమ్మ. ఇంట్లో సదువుకున్నోన్ని నేనొక్కన్నే కాబట్టి సెలవు చీటీ నేనే రాసినా. పుస్తకంలో ఉన్న నమూనాలో జ్వరం ఉంది, అక్క పెండ్లి ఉంది. కూలికి పోతాండామని ఎట్ల రాయాల్నో అందులో లేదు. "మా కుటుంబము గుంటూరు పోవుచున్నందున రెండు నెలలు సెలవు ఇప్పించ ప్రార్థన" అని రాసినా. నాయన వేలిముద్ర వేసినాడు.

నాయన చెప్పులు గేటు కాడనే ఇడిచి, వసారా మెట్ల కింద నిలబడి, భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకున్నాడు. చీటీ నేను పోయి బల్ల మీద పెట్టినా. హెడ్మాస్టరు చదివి, "ఏమిరా, గుంటూరుకు యాత్ర పోతాండారా? మీకు గూడా సెలవులు కావల్నా?" అన్నాడు. పక్కనున్న సార్లు నవ్వినారు. నాయన గూడా నవ్వినాడు. ఆయన నవ్వినందుకు నాకు ఆయన మీదే కోపమొచ్చింది. సారు మీద కోపం రావడానికి చానా ఏండ్లు పట్టింది.

ఎర్రసిరా పెన్ను తీసి నా పేరు కొట్టేసినాడు.

మా గేరి నుంచి ఇంకా పదకొండు మంది పిల్లోళ్లు సుగ్గికి వచ్చినారు. వాళ్లమ్మా నాయన్లు ఎవురూ అడగలేదు. వాళ్ల పేర్లు రిజిస్టర్లో అట్లే ఉండిపోయినాయి. ఇన్‌స్పెక్షనుకు లెక్క తగ్గకూడదని హాజరు గూడా పడిందని తర్వాత తెలిసింది. అడిగినోని కొడుకు పేరే పోయింది. అదే తరగతిలో రెడ్డిగారి పిల్లోడు తిరుపతికి పోయి పది దినాలు రాలేదు. గుండుతో వచ్చి లడ్డు ఇస్తే సారు కండ్లకద్దుకొని తిని హాజరేసినాడు.

గుంతకల్లులో మీటరుగేజి బండి ఎక్కినాం. కోత సంగతి ఏం చెప్పేది. వేళ్ల సందుల్లో మంట పుట్టి రాత్రుళ్లు చేతులు తడిమట్టిలో పెట్టుకొని పండుకునేవాళ్లం. మరిచి కండ్లు తుడుచుకుంటే అంతే. ఉగాది దాటినాక వచ్చినాం. పరీక్ష పోయింది. జూన్లో వేరే సారొకాయన మళ్లా చేర్చుకున్నాడు. నా కంటే చిన్నోళ్ల పక్కన కూచున్నా.

ఇప్పుడు నేను ఆ దిక్కే ఒక బడికి హెడ్మాస్టర్ని. మా పాప కర్నూల్లో ప్రైవేటు బడి. ఊటీ పోవల్ల, నాలుగు దినాలు సెలవు కావల్లని ఫోన్లో మెసేజీ పెడితే "బాగా తిరిగి రండి సార్" అని జవాబొచ్చింది. వేలిముద్ర అక్కర్లేకపాయె.

మొన్న జనవరిలో ఒకామె ఎనిమిదో తరగతి బిడ్డను తోడుకొని వచ్చింది. మెట్ల కిందనే నిలబడింది. లోపలికి రామ్మా అంటే రెండుమార్లు పిలిపించుకొని వచ్చింది. బిడ్డ ఇచ్చిన చీటీలో జ్వరం అని ఉంది.

"రెండు నెలలు జ్వరమా తల్లీ?"

తల దించుకుంది.

"సుగ్గికని రాయి. ఏం కాదు."

బిడ్డ తల్లి దిక్కు చూసింది. "రాస్తే పేరు కొట్టేస్తారంట గదా సారూ" అనింది తల్లి.

2009 చట్టం వచ్చినాక కొట్టేసేందుకు లేదమ్మా అని చెప్పినా. సీజనల్ హాస్టలుంది, బిడ్డను ఇడిసిపో అని గూడా చెప్పినా. "నేను కోతలో ఉంటే సంటిదాన్ని ఎవురు ఎత్తుకుంటారు సారూ" అనింది. నా కాడ జవాబు లేదు. పుస్తకాలన్నా తీసకపొమ్మని కట్ట కట్టించి ఇచ్చినా. ఆమె చేత్తో ఎత్తి బరువు చూసింది. మూటలో పిండికే చోటు సాలదంట. తెలుగు, లెక్కలు రెండు తీసుకొని మిగిలినవి నా బల్ల మీద పెట్టి పోయినారు.