మనవాడు ఏ చోట ఆడాలి? కోవిల్‌పట్టి, విరుదునగర్ నుంచి అక్కకు ఉత్తరాలు

కోవిల్‌పట్టి,
ఆదివారం రాత్రి

అక్కా,

క్షేమంగా చేరాను. బెంగళూరులో ఎక్కిన నాగర్‌కోయిల్ రైలు మదురైని చీకట్లోనే దాటేసింది. విరుదునగర్, సాత్తూరు కూడా వెనకబడ్డాక తెలవారింది. కిటికీలోంచి చూస్తే అంతా నల్లరేగడి. వాన పడితే పంట, లేకపోతే లేదు. మన అనంతపురం వాళ్లకు ఈ నేల కష్టం ఎవరూ చెప్పక్కర్లేదు. వాన మీద నమ్మకం లేకనే ఈ ఊళ్లు అగ్గిపెట్టెల పనిలోకి, మిల్లుల్లోకి మళ్లాయి. ఇక్కడి వేరుశనగ చిక్కీకి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పొట్లం కట్టించి పెట్టాను, పిల్లలకు తెస్తాను.

నీకు ఆశ్చర్యం కలిగించే మాట ఒకటి చెప్తాను. స్టేషన్ బయట టీ కొట్టు దగ్గర నేను ఫోన్‌లో నీతో మాట్లాడుతుంటే పక్కనున్న పెద్దాయన తలెత్తి, వాళ్లదీ తెలుగేనన్నాడు. ఇంట్లో మాట్లాడతారట, రాయడం చదవడం మాత్రం రాదట. ఈ చుట్టుపక్కల పల్లెల్లో అలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి. విజయనగర, నాయక రాజుల కాలంలో దక్షిణానికి తరలివచ్చి ఈ నేలను సాగుచేసుకున్న కుటుంబాలవి. వాళ్ల కథనే పక్కనున్న ఇడైసెవల్‌కు చెందిన కి. రాజనారాయణన్ తమిళంలో నవలలుగా రాశాడు. ఇంట్లో తెలుగు మాట్లాడిన రచయిత ఆయన. ‘గోపల్లపురత్తు మక్కళ్’ నవలకు 1991లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఊళ్లో పెద్ద కాలేజీ పేరు కూడా వెంకటస్వామి నాయుడు కాలేజీయే.

అయితే నేను వచ్చిన పని వేరే కదా. ఇంటర్ అయిపోయిన చిన్నోడికి హాకీ ఆడటానికి రెండు కాలేజీల నుంచి పిలుపు వచ్చిందని, ఒకరు గోల్‌కీపర్‌గా, మరొకరు ఫార్వర్డ్‌గా రమ్మంటున్నారని, ఎటు పంపాలో తెలియక ఇంట్లో ఎవరికీ నిద్ర లేదని నువ్వు రాశావు. నాకు వ్యాయామం చెప్పడం తెలుసు. హాకీలో ఏ పిల్లాణ్ణి ఏ చోట నిలబెట్టాలో తేల్చి చెప్పేంత అనుభవం నాకు లేదు. అది తెలిసినవాళ్లు ఈ ఊళ్లో ఉన్నారు. మన పల్లెల్లో పిల్లలు ఖాళీ జాగా దొరికితే క్రికెట్ వికెట్లు పాతినట్టు ఇక్కడ హాకీ కర్రలు పట్టుకుంటారు. ప్రతి వేసవిలో లక్ష్మీ అమ్మాళ్ స్మారక అఖిల భారత పోటీలు జరుగుతాయి. 2022 మే నెలలో జాతీయ జూనియర్ పురుషుల చాంపియన్‌షిప్ కూడా ఈ ఊళ్లోనే పెట్టారు. ఒక తాలూకా కేంద్రానికి అది చిన్న విషయం కాదు. రేపు పొద్దున్నే మైదానానికి వెళ్తున్నాను.

ఇట్లు,
నీ తమ్ముడు

*

కోవిల్‌పట్టి,
మంగళవారం

అక్కా,

రెండు పూటలా కృష్ణానగర్ మైదానంలోనే గడుపుతున్నాను. పొద్దున ఆరు కాకముందే పిల్లలు వచ్చేస్తారు. కర్ర పిడికి టేపు చుట్టుకునేవాళ్లు, పిక్కల మీద షిన్‌గార్డులు బిగించుకునేవాళ్లు. టర్ఫ్ తడిపాక బంతి దాని మీద సర్రున జారుతుంది. మట్టి నేల మీద ఆడి వచ్చిన పిల్లాడు మొదటి వారం ఆ వేగానికే తికమక పడతాడట.

నిన్న ఒక పిల్లాణ్ణి ప్రత్యేకంగా గమనించాను. పదిహేడేళ్లుంటాయి. రైట్ వింగ్‌లో ఆడుతూ వచ్చినవాణ్ణి కోచ్ లెఫ్ట్ హాఫ్‌లో నిలబెట్టాడు. పిల్లాడి మొహం మాడిపోయింది. ముందువరసలో గోల్స్ కొట్టేవాణ్ణి వెనక్కి పంపితే తగ్గించారనే అనుకుంటాడు కదా. కారణం అడిగితే కోచ్ నాకు మైదానం పక్కనే కర్ర చేతికిచ్చి చూపించాడు.

హాకీ కర్రకు ఎడమవైపు ఒక్కటే చదును, ఆ వైపుతోనే బంతిని ఆడాలి. ఎడమచేతి వాటం వాళ్లకు వేరే కర్ర ఉండదు. అందుకని పరుగెడుతూ బంతిని ఎడమకు కొట్టడం తేలిక. కుడికి కొట్టాలంటే కాళ్లు, నడుము తిప్పుకోవాలి. రైట్ వింగర్ గోల్ వైపు క్రాస్ కొడితే అది సహజంగా ఎడమకే పోతుంది. లెఫ్ట్ వింగర్ అదే పని చెయ్యాలంటే ఒళ్లంతా తిప్పాలి, లేదా కర్ర తిరగేసి కొట్టాలి. లెఫ్ట్ హాఫ్ కష్టం ఇంకోరకం. అవతలి రైట్ వింగర్ గీత వెంబడి వస్తే బంతి ఇతని ఎడమపక్కన, అంటే కర్ర తిరగేసి అందుకోవలసిన వైపున ఉంటుంది. చెయ్యి చాచితే తప్పిపోతుంది. కాళ్లతో ముందే చేరి దారి మూసెయ్యాలి. నేను చూసిన పిల్లాడికి పాదాల చురుకు ఉంది, పైగా తానే ఇన్నాళ్లు రైట్ వింగర్ కనుక అవతలివాడు ఏం చెయ్యబోతున్నాడో ముందే పసిగడతాడు. అందుకే అక్కడ నిలబెట్టాడు. సాయంత్రానికి వాడు వరసగా బంతులు లాక్కుంటుంటే పొద్దుటి మాడిన మొహం ఎక్కడా కనబడలేదు.

మనం టీవీలో చూసి ఫార్వర్డ్, బ్యాక్, గోల్‌కీపర్ అని మూడు ముక్కల్లో చెప్పేస్తాం. అసలు పని అంతకన్నా సూక్ష్మం. ఒకప్పుడు మనవాళ్లు ఐదుగురు ఫార్వర్డ్‌లు, ముగ్గురు హాఫ్‌లు, ఇద్దరు బ్యాక్‌లతో ఆడేవారు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌తో కృత్రిమ టర్ఫ్ వచ్చింది, 1990లలో ఆఫ్‌సైడ్ నిబంధన పోయింది. దాంతో ఫార్వర్డ్ గోల్ దగ్గరే కాపు కాయగలుగుతున్నాడు, వెనకవాళ్లు మైదానమంతా పరుగెత్తి కాయవలసి వస్తోంది. పెనాల్టీ కార్నర్ వచ్చిందంటే పనులు మళ్లీ మారతాయి. గీత మీద నుంచి బంతిని తోసేవాడొకడు, ఆపేవాడొకడు, డ్రాగ్ ఫ్లిక్ చేసేవాడొకడు. కాపు కాసేవైపు గోల్‌కీపర్‌తో కలిపి ఐదుగురే. వాళ్లలో బంతికి ఎదురు పరుగెత్తేవాడికి గుండె దిటవు కావాలి. ఈ పనుల్లో ఏదో ఒకటి బాగా వచ్చినవాడికి జట్టులో చోటు దొరుకుతుంది.

ఈ ఊరి పిల్లాడు మారీశ్వరన్ శక్తివేల్, అరియలూరు నుంచి ఇక్కడి శిక్షణ కేంద్రానికి వచ్చిన సెల్వం కార్తి ఇద్దరూ 2022లో జకార్తా ఆసియా కప్‌లో భారత జట్టుకు ఆడారు. పాకిస్థాన్ మీద కార్తి గోల్ కొట్టాడు. మన జట్టు కాంస్యంతో వచ్చింది. ఇక్కడి పిల్లలు ఆ పేర్లు ఇంట్లో అన్నల పేర్లు చెప్పినట్టు చెప్తారు. ఇద్దరూ ఫార్వర్డ్‌లే కాబట్టి ప్రతి పిల్లాడికీ ఫార్వర్డ్ కావాలని ఉంటుంది. కోచ్‌లకు అదే పెద్ద పని. అప్పుడు వాళ్లు హర్మన్‌ప్రీత్ సింగ్ సంగతి చెప్తారు. జలంధర్ సుర్జీత్ అకాడమీకి వచ్చినప్పుడు అతను ఫార్వర్డే. డ్రాగ్ ఫ్లిక్‌లో బలం చూసి వెనక్కి మార్చారు. 2024 పారిస్‌లో కెప్టెన్‌గా కాంస్యం తెచ్చాడు. ఆ ఒలింపిక్స్‌లో అందరికన్నా ఎక్కువ గోల్స్, 10, కొట్టింది ఆ డిఫెండరే. గోల్‌కీపర్ శ్రీజేష్ అయితే తిరువనంతపురం జి.వి. రాజా స్పోర్ట్స్ స్కూల్లో పరుగు, లాంగ్‌జంప్, వాలీబాల్ అన్నీ ప్రయత్నించాకే గోల్‌పోస్టు ముందుకొచ్చాడు. టోక్యో, పారిస్ రెండు పతకాలకూ కాపు కాసింది అతనే.

చిన్నోడికి ఈ ఉత్తరం చదివి వినిపించు.

నీ తమ్ముడు

*

విరుదునగర్,
గురువారం రాత్రి

అక్కా,

కోవిల్‌పట్టి నుంచి యాభై కిలోమీటర్లు, బస్సులో వచ్చాను. విరుదునగర్ వ్యాపారుల ఊరు. మిరపకాయలు, పప్పులు, నూనెల మండీలు. రాత్రయితే వీధి పొడవునా పెనాల మీద పరోటాలు నూనెలో వేగుతుంటాయి. ఒక్కోటి అరచేతంత ఉంటుంది, బయట కరకర, లోపల మెత్తన. బావకు తప్పక నచ్చుతుంది.

ఇక్కడ రిటైరైన ఒక ఫిజికల్ డైరెక్టర్ గారింటికి వెళ్లాను. చాలా ఏళ్లు కాలేజీ జట్లను తయారుచేసిన మనిషి. ఆయన దగ్గర తెలిసింది నీకు వివరంగా రాస్తాను, ఎందుకంటే మన నిర్ణయానికి పనికొచ్చేది ఇదే.

కాలేజీ ఆటగాణ్ణి తీసుకునేది స్పోర్ట్స్ కోటాలో. పిల్లాడి సర్టిఫికెట్లు చూస్తారు, ఒకటో రెండో పూటలు ట్రయల్స్ పెడతారు. కోచ్ మనసులో అప్పటికే ఒక ఖాళీ ఉంటుంది. పోయిన ఏడాది ఫైనలియర్ వాళ్లు వెళ్లిపోయి ఉంటారు, ఆ ఖాళీలు నిండాలి. ఎందుకంటే కాలేజీల మధ్య పోటీలు, అందులోంచి యూనివర్సిటీ జట్టు ఎంపిక, దక్షిణ మండల అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు వెంటవెంటనే వచ్చేస్తాయి. కోచ్‌ని తప్పుపట్టలేం. కానీ ఆ తొందరలో పొడుగు చూసి గోల్‌కీపర్ అనడం, వేగం చూసి వింగర్ అనడం, లావు చూసి బ్యాక్ అనడం జరిగిపోతుంది. ఆ ముద్ర మూడేళ్లు వదలదు.

అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్‌కు స్కూలు పిల్లల్ని ఎంపిక చేసేటప్పుడు, ఏ చోటికి పనికొస్తాడో ఇంకా తేలని మంచి ఆటగాణ్ణి జాబితాలో ఊరికే ‘అథ్లెట్’ అని రాసుకుంటారు. ముందు మనిషిని తీసుకుంటారు, చోటు తర్వాత తేలుస్తారు. మన దగ్గర అంత ఓపిక ఉన్న కాలేజీలు తక్కువ కాబట్టి ఏ చోట ఆడిస్తారన్న ప్రశ్న మనమే అడగాలి.

గోల్‌కీపర్ సంగతి ఆయన విడిగా చెప్పారు. హాకీలో ఆటగాళ్లను ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. పదిహేను నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లలో ఫార్వర్డ్‌లు, హాఫ్‌లు వస్తూ పోతూ ఉంటారు. కొత్తగా చేరినవాడికి కూడా కొన్ని నిమిషాలు దక్కుతాయి. గోల్‌కీపర్‌ను అలా మార్చడం అరుదు. కాలేజీలో సీనియర్ గోల్‌కీపర్ ఉంటే జూనియర్ రెండేళ్లు బెంచీ మీదే. కిట్ ఖరీదు కూడా ఎక్కువ. ప్యాడ్లు, కిక్కర్లు, హెల్మెట్, చేతుల రక్షణ అన్నీ కావాలి. ప్రత్యేకంగా గోల్‌కీపింగ్ నేర్పేవాళ్లు లేని చోట పిల్లాడు తనంతట తానే నేర్చుకోవాలి. ఇన్ని తెలిసీ ఇష్టపడి నిలబడితే మాత్రం అంత గొప్ప చోటు ఇంకోటి లేదు. మన ఉమ్మడి చిత్తూరు జిల్లా నుంచి ఎతిమరపు రజని భారత జట్టు గోల్‌కీపర్‌గా ఎదిగింది కదా.

సాయంత్రం కామరాజ్ పుట్టిన ఇల్లు చూసి వచ్చాను. సన్నని సందులో చిన్న ఇల్లు. 1903లో అక్కడ పుట్టి, చదువు మధ్యలో ఆగిపోయిన మనిషి 1954 నుంచి తొమ్మిదేళ్లు ముఖ్యమంత్రిగా చేసి, 1963లో తానే పదవి వదిలి పార్టీ పనిలోకి వెళ్లాడు. శాస్త్రి, ఆ తర్వాత ఇందిర ప్రధానులైనప్పుడు ఆ ఎంపికలు నడిపింది ఆయనే. ముందువరస వదిలినంత మాత్రాన మనిషి పని తగ్గదు. చిన్నోడికి ఈ మాట నేను ఇంటికొచ్చాక చెప్తాను.

నీ తమ్ముడు

*

విరుదునగర్ స్టేషన్,
శనివారం

అక్కా,

రైలుకు ఇంకా టైముంది. నేను వచ్చేలోపు మీరు ఆ కాలేజీలకు ఫోన్ చెయ్యవలసి వస్తుంది కాబట్టి తేల్చి రాస్తున్నాను.

చిన్నోణ్ణి గోల్‌కీపర్‌గా పంపొద్దు. వాడి పొడుగు చూసి అడుగుతున్నారు తప్ప వాడి ఆట చూసి కాదు. అనంతపురంలోని ఆర్‌డీటీ మైదానంలో వాడు ఆడుతుండగా నేను చూశాను. బంతి పోగొట్టుకున్న మరుక్షణం చేతులు నడుము మీద పెట్టుకుని నిలబడే పిల్లాడు కాడు, వెనక్కి తిరిగి పరుగెత్తుతాడు. అవతలివాడి కంటే ముందే దారిలో నిలబడతాడు. కోవిల్‌పట్టి కోచ్‌లు, ఆ ఫిజికల్ డైరెక్టర్ గారు అందరూ చూడమన్నది ఇదే. బంతి తమ దగ్గర ఉన్నప్పుడు అందరూ ఆటగాళ్లే. బంతి పోయాక ఏం చేస్తాడన్నదే పిల్లాడి చోటు చెప్తుంది. మనవాడు హాఫ్. ఫార్వర్డ్‌గా పిలిచిన కాలేజీకి వెళ్లినా ఏడాదిలో వాణ్ణి అక్కడికే తెస్తారని నా నమ్మకం.

బావను ఆ కాలేజీ కోచ్‌తో మొహమాటం లేకుండా నాలుగు విషయాలు మాట్లాడమను. ఏ చోటుకి తీసుకుంటున్నారు? ఆ చోట ఇప్పుడు ఆడుతున్నవాళ్లు ఎప్పుడు చదువు ముగించి వెళ్తారు? మొదటి ఏడాది ప్రాక్టీస్‌లో రెండు మూడు చోట్ల ఆడించి చూస్తారా? ఒకవేళ మోకాలో మడమో దెబ్బతిని ఏడాది ఆడలేకపోతే సీటు, హాస్టల్, ఫీజు రాయితీ ఉంటాయా? చివరిదానికి జవాబు కాగితం మీద ఇమ్మనమను. ఆటతో పాటు మూడేళ్ల డిగ్రీ కూడా చేతికి రావాలి.

పదిహేడేళ్లకే ఫలానా చోటే నీదని ఎవరన్నా అంటే చిన్నోణ్ణి తొందరపడి ఒప్పుకోవద్దను, అలాగని కోచ్ వెనక్కి నిలబెడితే చిన్నబుచ్చుకోనూవద్దను. ఫార్వర్డ్‌గా పిలిచినవాళ్లకు వెంటనే ఫోన్ చెయ్యండి, వాడికి ఆడటానికి నిమిషాలు దొరికేది అక్కడే.

ఇట్లు,
నీ తమ్ముడు