కొంగ తల సైకిలు

ఇవాళ నందిగామలో పాత ఇనుప సామాన్ల కొట్టు ముందు ఆగిపోయా.

తుప్పు పట్టిన సైకిలొకటి గోడకి ఆనించి ఉంది. రంగు లేదు, పేరు లేదు, ముందు బిళ్ళ ఎవరో ఊడదీశారు. వంగి, పెడల్ దగ్గరి పళ్ళచక్రం మీద మట్టి బొటనవేలితో తుడిచా.

కొంగ తల!
ర్యాలీ!!

ఇంగ్లీషు సైకిళ్ళ సంతకం అక్కడే ఉంటుంది. బీఎస్ఏకి ఆ మూడక్షరాలు, రడ్జ్‌కి అరచెయ్యి, హంబర్‌కి మనుషుల బొమ్మలు... అన్నీ ఉక్కులో కోసినవే.

అయినా కొంగ ఒక్కటే చాలదు. 1950ల్లో అసన్సోల్‌లో సేన్-ర్యాలీ వాళ్ళూ ర్యాలీ సైకిళ్ళు చేశారు. వెనక స్టర్మీ ఆర్చర్ మూడు గేర్ల హబ్బు ఉంటే తయారైన సంవత్సరం దానిమీదే కొట్టి ఉండేది. దీనికి లేదు. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌దో, అసన్సోల్‌దో ఇంకా తేలాలి.

మా తాతయ్యదీ ర్యాలీనే. ముందు రాడ్డుకి తువ్వాలు చుట్టి, నన్ను కూర్చోబెట్టుకుని జగ్గయ్యపేట తిప్పేవాడు. ఆయన పోయాక కేజీల లెక్కన అమ్మేశాం. ఆ సంగతి తల్చుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

ఇది మాత్రం కొనేశా.

పేట, నందిగామ వాళ్ళూ, మీ వసారాల్లో పాత సైకిలుంటే ఆ చక్రం తుడిచి ఫొటో పెట్టరూ?