కూర్మయ్య భోజనం

మూడేళ్ళ క్రితం మా వీధిలోని ఒక కుటుంబం కాల్గరీకి మారిపోతూ, వాళ్ళ తాబేలును గాజుతొట్టె, దీపాలతో సహా మా పిల్లలకి ఇచ్చి వెళ్ళారు. "రోజూ ఇంత ఆకు పడేస్తే చాలు" అన్నారు. ఇంజనీరింగు చదివినవాళ్ళం, తాబేలుకి తిండి పెట్టలేమా అనుకున్నాము!

మాది శ్రీకాకుళం వైపు. శ్రీకూర్మం గుడిలో నక్షత్ర తాబేళ్ళకు ఆకుకూర తినిపించడం మా చిన్నప్పటి సరదా. అందుకే దీనికి కూర్మయ్య అని పేరు పెట్టాము. పిల్లలూ, ఒక మాట. ఆ నక్షత్ర తాబేలును మన దేశంలో ఇంట్లో పెంచకూడదు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. మా కూర్మయ్యది వేరే జాతి. రష్యన్ తాబేలు అంటారు గాని, అసలు ఊరు మధ్య ఆసియా మెట్టనేలలు. 1968 సెప్టెంబరులో సోవియట్ వాళ్ళ జోండ్-5 నౌకలో చంద్రుణ్ణి చుట్టి వచ్చింది ఈ జాతి తాబేళ్ళే! ప్రయాణమంతా తిండి లేదు. అయినా కాస్త బరువు తగ్గి, మంచి ఆకలితో తిరిగి వచ్చాయి.

మావాడి ఆకలంతా ఒక్కదాని మీదే: స్ట్రాబెర్రీ. పాత ఇంటి అలవాటు. పైగా ఎరుపు, పసుపు రంగులంటే తాబేళ్ళకి మోజు. కాని ఈ జాతికి పళ్ళు పడవు, ఆ తీపికి కడుపు పాడవుతుంది. పాలకూర ఎక్కువైతే అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటబట్టనివ్వవు. అన్నం, రొట్టె, పప్పు అసలే కూడదు. కావలసినవి పీచున్న ఆకులు: ఇక్కడ అందరూ లాన్‌లోంచి పీకి పారేసే డాండిలైన్ (మందు కొట్టని చోట కోయాలి సుమా), మల్బరీ ఆకులు, మందార పూలు. కాల్షియం కోసం సముద్రఫేనం ముక్క.

మావాడు డాండిలైన్ వైపు చూస్తేనా? ఆకుని సన్నగా తరిగి, స్ట్రాబెర్రీ గుజ్జు కలిపి, వారం వారం గుజ్జు తగ్గిస్తూ వచ్చాము. రెండు నెలలకి పచ్చటి డాండిలైన్ పువ్వు కనబడితే పరుగెత్తి (తాబేలు పరుగే!) వచ్చేవాడు. గెలిచామనుకున్నాము.

నవంబరు వచ్చింది. వాంకూవర్ వానలు మీకు తెలియనివా! కూర్మయ్య తిండి మానేశాడు. ఎండైవ్ పెట్టాము, మందారం పెట్టాము, చివరికి స్ట్రాబెర్రీ కూడా పెట్టాము. తల తిప్పేసుకున్నాడు. ఏడు రోజులు. మా అమ్మాయి తొట్టె పక్కనే కూర్చుని ఏడుపు. ఏం పెట్టాలన్న దాని మీద మేమిద్దరం పోట్లాడుకున్నాము కూడా.

చివరికి సరీసృపాల వైద్యురాలి దగ్గరకి తీసుకెళ్ళాము. ఆవిడ తిండి సంగతే ఎత్తలేదు. "దీపం ఎప్పుడు మార్చారు?" అన్నారు. మేము మొహాలు చూసుకున్నాము. తాబేలు ఒంట్లో దానంతట వేడి పుట్టదు. బయటి వెచ్చదనం ఉంటేనే తిన్నది అరుగుతుంది, లేకపోతే తినడమే మానేస్తుంది. 32 డిగ్రీల పైన ఉండవలసిన చోట మా తొట్టెలో 24 ఉంది. ఎండకి బదులుగా పెట్టే అతినీలలోహిత దీపం కూడా పాతదే. వెలుగు కనిపిస్తూనే ఉంటుంది గాని, అందులోని సత్తువ ఏడాది తిరిగేసరికి పోతుందట. ప్రోగ్రాములో తప్పు ఒకచోట ఉంటే మేము ఇంకోచోట వెతికామన్నమాట.

దీపాలు మార్చాము, గోరువెచ్చని నీళ్ళలో కూర్చోబెట్టాము. అయిదో రోజు ఎండైవ్ ఆకు కరకరమంది. ఇల్లంతా చప్పట్లు!

ఇది ఇక్కడ ఎందుకు రాస్తున్నామంటే, శనివారం తెలుగు బడిలో మేము చేసేదీ ఇంచుమించు ఇదే. పద్యం పెడతాము, ఆట పెడతాము, లడ్డూ పెడతాము. "వీళ్ళకి తెలుగంటే ఇష్టం లేదండీ" అని నిట్టూరుస్తాము. తిరుగుదారిలో, కారులో, మేమిద్దరం మాట్లాడుకునేది మాత్రం ఇంగ్లీషు. ఒకరోజు మా అమ్మాయే అంది, "మీరు మాట్లాడరుగా!" అని. దీపం వెలుగుతోంది కదా అని ఊరుకున్నాము గాని, వేడి ఉందో లేదో చూసుకోలేదు.

ఈ జాతి తాబేళ్ళు నలభై ఏళ్ళు దాటి బతుకుతాయి. మా తర్వాత కూర్మయ్యకి ఆకు పెట్టవలసింది పిల్లలే. ఇప్పుడు మా కారులో ఇంగ్లీషు బంద్. మొన్న మా అమ్మాయి శ్రీకాకుళానికి ఫోను చేసి, "మామ్మా, కూర్మయ్య పువ్వు తిన్నాడు!" అంది. అవతల మామ్మ, "మరి నువ్వు తిన్నావా అమ్మా?" అంది.