మాట వచ్చేదాకా

పక్షవాతం వచ్చిన పెద్దాయన మనవరాలి పేరు కోసం తడుముకుంటుంటే ఇంట్లోవాళ్లు ఆగలేరు. ప్రేమతో ఆ పేరు అందించేస్తారు. స్పీచ్ థెరపిస్టుగా నేను సాధన చేసి అలవరచుకున్నది మాత్రం ఆగడమే. మెదడు ఎడమభాగం దెబ్బతింటే మాట పోవచ్చని 1860లలో ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా చూపించాడు. మాట పోయినంత మాత్రాన తెలివి పోదు. నోట రెండు మాటలు రానివాళ్లలో కొందరు వారాల పేర్లు వరసగా చెప్పేస్తారు, పాత పాట పల్లవి అందుకుంటారు. ఆ క్షణం చూసినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇంటర్‌లో సైన్సు చదివి ఈ వృత్తిలోకి రావాలనుకునేవాళ్లు వినికిడి, మాట చికిత్సలు నేర్పే నాలుగేళ్ల డిగ్రీ బీఏఎస్‌ఎల్‌పీలో చేరవచ్చు. మైసూరులోని జాతీయ సంస్థ ఇందుకు పేరుమోసింది. ఆఖరి ఏడాది ఇంటర్న్‌షిప్, ఆపైన రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో నమోదు.

మా పని మాటలతోనే ఆగదు. మింగలేనివారికి గుటక మళ్లీ నేర్పడమూ మా పనే. నీళ్లు పొరమారి ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా రావచ్చు. అందుకే కొందరికి పలచటి నీళ్లకన్నా చిక్కటి జావ క్షేమం.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది పసిపిల్లల సంగతి. "వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే మాటలొచ్చాయి" అని ఏళ్లు గడిపేస్తారు. రెండేళ్లకీ రెండు మాటలు కలపని బిడ్డకు ముందు వినికిడి పరీక్ష చేయించాలి. ఈ చదువు చదివిన తెలుగు పిల్లలు జిల్లా ఆసుపత్రులకూ రావాలని, అమ్మమ్మల యాసలోనే ఆ బిడ్డలతో ఆడుకోవాలని నా కోరిక.