కాగితం మీద "ఇక్కడ నొక్కండి" అంటే ఎక్కడ నొక్కాలి?



మన వార్షిక సంచికను ఈసారి మామూలు టెక్స్ట్ ఫైలుగా రాసుకుని, పాండాక్, లాటెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లతో పీడీఎఫ్ చేస్తున్నాము. పీడీఎఫ్ ఒకటే గానీ చదివేవాళ్ళు రెండు రకాలు. పిల్లలు ఫోనులో చూస్తారు. పెద్దవాళ్ళకు జెరాక్సు తీసి ఇంటికి చేరుస్తాము. పేచీ అంతా లింకుల దగ్గర వచ్చింది.

లాటెక్‌లో లింకుల పని చూసేది హైపర్‌రెఫ్ అనే ప్యాకేజీ. మనమేమీ చెప్పకపోతే అది లింకు చుట్టూ రంగు గడి గీస్తుంది. పత్రం లోపలి లింకుకు ఎరుపు, వెబ్ చిరునామాకు లేత నీలం. ఆ గడి తెర మీదే కనబడుతుంది, ప్రింటులో రాదు. పాండాక్ దారిలో వెళ్తే గడి కూడా ఉండదు, లింకు మిగతా అక్షరాల్లో కలిసిపోతుంది. ఫైలు తలభాగంలో 'కలర్‌లింక్స్: ట్రూ' అని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే వెబ్ లింకు అక్షరాలు నీలమవుతాయి. 'యూఆర్ఎల్‌కలర్' అని పెట్టి వేరే రంగు కూడా ఇచ్చుకోవచ్చు.

సంచిక పని చూసే పిల్లలు నీలం చాలన్నారు. మాకు సరిపడలేదు. రైల్వే ఆఫీసులో మేము కార్బన్ కాగితాలతో ఏళ్ళు గడిపినవాళ్ళం. పైన ఎర్ర పెన్నుతో రాసినా, నీలం పెన్నుతో రాసినా కింది కాపీలో పడేది కార్బన్ రంగే. అందుకే ముఖ్యమైన సంగతిని రంగుకు వదిలేవాళ్ళం కాదు, మాటల్లో రాసేవాళ్ళం. జెరాక్సూ అంతే. నీలం బూడిద రంగవుతుంది, దాని వెనకున్న చిరునామా కాగితానికి ఎక్కనే ఎక్కదు.

ఇది చిన్న సంగతి అనుకోకండి. మన ఊళ్ళో తెలుగు గడగడా చదవగలిగేది ఆ కాగితం పట్టుకునే పెద్దవాళ్ళే. మేము తమిళ మీడియంలో చదివాము, తెలుగు అక్షరాలు పెద్దయ్యాక వాళ్ళ దగ్గరే కూడబలుక్కున్నాము. ఫోనున్న పిల్లలకు మాట వచ్చు, చదువు తక్కువ. కాగితం మీద చిరునామా కనబడితే తాత మనవణ్ణి పిలిచి, "ఇది తెరువు రా, చదివి చెప్తాను" అంటాడు. కనబడకపోతే ఆ పిలుపే ఉండదు.

పాండాక్‌లోనే దీనికి ఉపాయముంది. 'లింక్స్-యాజ్-నోట్స్: ట్రూ' అని తలభాగంలో చేర్చితే ప్రతి లింకు చిరునామా ఆ పుట అడుగున చిన్న అక్షరాల్లో అచ్చవుతుంది. ఫోనులో చూసేవాళ్ళు మాట మీద కాక, అడుగున ఉన్న చిరునామా మీద నొక్కాలి. అంతే తేడా.

ఒక చిక్కు మాత్రం ఉంది. తెలుగు వికీసోర్స్ పుట చిరునామాను కాపీ చేస్తే తెలుగు అక్షరాలు శాతం గుర్తులుగా మారిపోతాయి. 'తెలుగు' అన్న ఒక్క మాటే 54 గుర్తులవుతుంది. దాన్ని చూసి ఎవరు టైపు చేస్తారు? వికీ పుటల్లోనే పొట్టి చిరునామా ఇచ్చే సౌకర్యముంది. 'డబ్ల్యు డాట్ వికీ' అని మొదలయ్యే ఆ చిరునామా పెడితే కాగితం చూసి కొట్టుకోవచ్చు.

కనుక వ్యాసాలు పంపేవాళ్ళకు మా మనవి. "ఇక్కడ నొక్కండి" అని రాయకండి. పుస్తకం పేరు రాసి, పక్కనే పొట్టి చిరునామా ఇవ్వండి. రంగు, అడుగు గమనిక మేము చూసుకుంటాము. కాగితం చదివే పెద్దలు కూడా మన సంచిక పాఠకులే.