దర్గాకొండ క్రింది రేవులో అల్లావుద్దీను

విశాఖ రేవులోనికి నౌకలు ప్రవేశించు కాలువకు దక్షిణమున డాల్ఫిన్స్ నోస్ కొండ సముద్రములోనికి చొచ్చుకొని నిలువగా, ఉత్తరపు గట్టునగల మూడు కొండలలో ఒకదానిపై మేరీమాత చర్చియు, ఒకదానిపై వేంకటేశ్వరుని కోవెలయు, ఇంకొకదానిపై ఇషాఖ్ మదనీ ఔలియా దర్గాయు కలవు. బంగాళాఖాతపు గాలియు, కెరటమును ఆ మహనీయుని ఆజ్ఞకు లోబడునని నమ్మిన హిందూ ఓడయజమానులు, యాత్ర క్షేమముగా ముగిసినపుడు వెండి దోనెలు చేయించి ఆయన సమాధికి సమర్పించెడివారని దొరలనాటి జిల్లా గ్రంథములు చెప్పుచున్నవి. ఇట్టి మ్రొక్కుబడులెరిగిన ఊరికి అరబ్బు కథల నావికుడగు సింద్‌బాదు పరాయివాడు కాడు.

ఆ సింద్‌బాదే ఇపుడు జపాను దారిని వచ్చి ఇచటి కాలేజీ పిల్లల ఫోనులలో విడిసియున్నాడు. షినోబు ఓతాకా అను చిత్రకథా రచయిత్రి 2009 నుండి 2017 వరకు ‘షోనెన్ సండే’ వారపత్రికలో ధారావాహికముగా నడపి, 37 సంపుటములుగా వెలువరించిన ‘మాగి’ అను మాంగాలో అల్లావుద్దీను, ఆలీబాబా, మోర్జియానా, సింద్‌బాదు ఒకే లోకమున సంచరింతురు. అల్లావుద్దీను చేతిలో దీపమునకు బదులు పిల్లనగ్రోవి యున్నది. దాని నూదినచో శిరస్సులేని నీలికాయపు జిన్ను వెలువడును.

అరబ్బు కథలను ఇట్లు కలగాపులగము చేయుట అపచారమని కొందరు పెద్దలు నాతో వాదించిరి. వారియెడ నాకు గౌరవమున్నను వారి వాదము నిలువదు. 1704లో ఫ్రెంచిభాషలో ‘వేయిన్నొక్క రాత్రులు’ ప్రకటింప నారంభించిన గాలాఁ పండితుడు, తన చేతనున్న అరబ్బీ ప్రతిలో లేని అల్లావుద్దీను కథను, ఆలీబాబా కథను 1709లో పారిసులో అలెప్పో నగరవాసియగు హన్నా దియాబు నోట విని గ్రంథమున చేర్చెను. ఆ అల్లావుద్దీను సయితము కథలో చీనాదేశపు బాలుడే. మనవారు మాత్రము ఊరకుండిరా? 1957లో అక్కినేని అల్లావుద్దీనుగను, 1970లో విఠలాచార్యగారి చిత్రమున రామారావుగారు ఆలీబాబాగను తెలుగు మాటలాడినపుడు మనమెవరమును ఆక్షేపింపలేదు.

ఓతాకాను నేను మెచ్చుకొనుటకు కారణము ఆమె కలిపిన మాయలు కావు, ఆమె అడిగిన ప్రశ్నలు. పాతకథలో మోర్జియానా బానిస. మరిగిన నూనెతో దొంగలను చంపి యజమానుని కాపాడినందుకు ప్రతిఫలముగా ఆమెకు స్వేచ్ఛయు, పిమ్మట అతని ఇంటి కోడరికమును లభించును. మాంగాలో ఆమె కాళ్లకు సంకెల యున్నది. తుదకు ఆ సంకెలను తెంపునది అల్లావుద్దీనుగాని, ఆలీబాబాగాని కాదు. కూలిపోవుచున్న నిధిగుహలో, గోల్టాస్ అను మరియొక బానిస మరణించుటకు ముందు తన కత్తితో నరకును. గుహనుండి ధనముతో బయటపడిన ఆలీబాబా ఆ ధనమును ఊరిలోని బానిసల విడుదలకు వెచ్చించును. నిధి దొరకుటతో కథ ముగియుట మన అలవాటు. ఇచట కథ అపుడే ఆరంభమగును.

అంతకంటె నన్ను కదల్చినది బాల్‌బాదు ఘట్టము. అది ఆలీబాబా పుట్టిన రేవురాజ్యము. అసమర్థుడగు రాజు పరాయి సామ్రాజ్యపు కాగితపు ద్రవ్యమునకు లోబడి, అప్పుపై అప్పు చేసి, తొలుత సముద్రవ్యాపారపు హక్కులను, మరి కొన్ని హక్కులను కుదువబెట్టి, తుదకు ప్రజలనే బానిసలుగా అప్పగింప నొప్పుకొనును. అపుడు రాజపుత్రుడైన ఆలీబాబా సింహాసన మెక్కుటకు మారుగా రాచరికమునే రద్దుచేసి, ఇకపై దేశము ప్రజలదని ప్రకటించును. బాలుర పత్రికలో ఇంతటి అర్థశాస్త్రము ఇమిడిన కథను నేను వేఱొకదానిని చదువలేదు. విశాఖలో దీనిని చదువుట మరియొక అనుభవము. 1966లో ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని నినదించి ప్రాణములర్పించినవారి ఊరిది. 2021 జనవరిలో ఉక్కు కర్మాగారమున తన వాటా నంతయు విక్రయింప కేంద్రప్రభుత్వము నిశ్చయించినపుడు, కూర్మన్నపాలెం కూడలిలో శిబిరము వేసికొని దీక్షకు కూర్చున్న కార్మికుల ఊరిది. ఊరి సొత్తుపై సంతకము చేయు అధికార మెవరిదను ప్రశ్న ఇచటివారికి కథలోని ప్రశ్నగా తోచదు.

చివరి సంపుటములలో రాజుల యుద్ధములు, విశ్వరహస్యములు మితిమీరి, తొలినాటి చురుకు తగ్గినమాట నిజమే. అయినను బాల్‌బాదు వరకైనను ప్రతి ఇంట చదువదగిన గ్రంథమిది. బొమ్మల పుస్తకమని పిల్లల చేతినుండి లాగివేయు తల్లిదండ్రులు ముందు తామొకసారి చదువవలెననియు, ‘చందమామ’ చదివి పెరిగిన మన ప్రకాశకులలో ఎవరైనను దీనిని చక్కని తెలుగున అచ్చువేయింప పూనుకొనవలెననియు నా ప్రార్థన.