పువ్వులు పంపొద్దన్లేదు కదా!

జంతికల గొట్టంతో వచ్చే బిళ్ళల్ని ఎప్పుడైనా వెలుతురుకి ఎత్తి చూశారా? ఒకదానికి నక్షత్రం చిల్లు. ఇంకోదానికి చిన్న చిన్న గుండ్రటి చిల్లులు. మరోదానికి సన్నటి చీలికలు. ఏ ఇంట్లోనైనా అవి పిండివంటల సామానే. మా ఇంట్లో మాత్రం సంక్రాంతికి ముందు పదిరోజులు అవి గ్రీటింగ్ కార్డుల అచ్చులు కూడా. బిళ్ళని అట్టమీద పెట్టి, రంగులో ముంచి పిండిన గుడ్డముక్కతో పైన టపటపా అద్ది తీస్తే కింద నక్షత్రం మిగిలేది. ఇప్పటి పిల్లలు దాన్ని స్టెన్సిల్ అంటారు. మా మామ్మ ‘బిళ్ళపువ్వు’ అనేది.

మాది గజపతినగరం. విజయనగరం నుంచి సాలూరు వెళ్ళే రోడ్డు మీద, చంపావతి ఏటి పక్కన ఉంటుంది. మా ఊరి రైలుపట్టాలు పట్టుకుని పోతే బొబ్బిలి, పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ దాటి రాయపూర్ వస్తుంది. ఇంకాస్త ముందుకెళితే భిలాయ్. అక్కడి ఉక్కు ఫ్యాక్టరీలో 1959లో మొదటి కొలిమి వెలిగింది. పనికోసం మావైపు నుంచి ఎన్నో కుటుంబాలు ఆ దారిన వెళ్ళాయి. 1968లో మా అత్తయ్య కూడా పెళ్ళి చేసుకుని అలాగే వెళ్ళింది. ఆవిడ మా నాన్నకి అప్ప. ఏటా వేసవికి ఊరొచ్చేది. వచ్చిందంటే నెల రోజులు ఇల్లు కళకళలాడేది.

1987 వేసవిలో ఆ రాకపోకలు ఆగిపోయాయి. కారణం మామిడితోట.

అంతకు ముందు ఏడాదే మన రాష్ట్రంలో హిందూ వారసత్వ చట్టానికి సవరణ వచ్చింది. ఉమ్మడి ఆస్తిలో కొడుకులతోపాటు కూతుళ్ళకీ సమాన వాటా అన్నారు. 1985 సెప్టెంబరు 5 నుంచి అది అమల్లోకి వచ్చినట్టు లెక్క. అయితే ఆ తేదీకి ముందే పెళ్ళయిన కూతుళ్ళకి వర్తించదు. అంటే అత్తయ్యకి లేనట్టే. కానీ ఆవిడ పెళ్ళినాడు తాతయ్య నలుగురిలోనూ ‘తోటలో సగం నీదేనమ్మా’ అన్నాడట. కాయితం లేదు. తాతయ్యా లేడు.

“చట్టమే నీకు లేదంటుంటే ఇంకేటి వాటా అప్పా?” అన్నాడు నాన్న.

“నాకు లేదని చట్టం అంది తమ్ముడూ. నిన్ను ఇవ్వొద్దన్లేదు కదా!” అంది అత్తయ్య.

ఆ సాయంత్రమే ఆవిడ రైలెక్కేసింది. నాన్న అరుగుమీద కూర్చుని, ఈ ఇంట్లోంచి భిలాయ్‌కి ఒక్క ఉత్తరం ముక్క వెళ్ళకూడదని తీర్మానించేశాడు. నాన్న మాటంటే మాటే. అమ్మ తలొంచుకుంది. నాకప్పటికి పదేళ్ళు.

మామ్మ ఏమీ అనలేదు. ఆరు నెలలు ఊరుకుంది. ఆమెకి చదువు రాదు. మనియార్డరు వస్తే పోస్ట్‌మ్యాన్ ఇంకు ప్యాడ్ తెరిచి ఎడంచేతి బొటనవేలు పట్టుకుని ముద్ర వేయించేవాడు. అతను వెళ్ళాక మామ్మ ఆ వేలిని చాలాసేపు కొంగుకి తుడుచుకునేది. ‘నిశానీదాన్ని’ అని తనని తానే ఎగతాళి చేసుకునేది.

1988 సంక్రాంతి ముందు ఒక మధ్యాహ్నం నన్ను వంటింట్లోకి పిలిచింది. బెండకాయల తొడిమలు కోసి ఒక పళ్ళెంలో వరసగా పెట్టి ఉంచింది.

“మీ అయ్య ఉత్తరం రాయొద్దన్నాడు గానీ, పువ్వులు పంపొద్దన్లేదు కదే అమ్మీ!” అంది.

“తెలిస్తే తిడతాడే మామ్మా.”

“తిట్టనీ. నాను రాసినానేటి? నాకు రాతొచ్చేటి?”

అలా మొదలయ్యాయి మా కార్డులు.

అప్పుడు బుక్‌పోస్టు ఉండేది. గ్రీటింగ్ కార్డుని కవరులో పెట్టి, కవరు అంటించకుండా మూత లోపలికి మడిచి, పైన ‘బుక్ పోస్ట్’ అని రాస్తే ఉత్తరం కన్నా తక్కువ ఖర్చుతో వెళ్ళిపోయేది. లోపల మాత్రం కబుర్లు రాయకూడదు. ఆ నియమం మిగతావాళ్ళకి ఇబ్బంది. మాకు వరం. నాన్న మాటా దాటలేదు, పోస్టాఫీసు మాటా దాటలేదు. అడ్రసు మాత్రం నేను రాసేదాన్ని. అడ్రసు ఉత్తరం కిందకి రాదని మామ్మే తేల్చింది.

ప్రపంచంలో అచ్చయిన మొదటి క్రిస్మస్ గ్రీటింగ్ కార్డు 1843లో లండన్‌లో వచ్చింది. హెన్రీ కోల్ అనే ఆయనకి అందరికీ విడివిడిగా ఉత్తరాలు రాసే తీరికలేక, ఒక చిత్రకారుడితో బొమ్మ వేయించి వెయ్యి కార్డులు అచ్చు వేయించాడు. ఆ కార్డు రాసే తీరిక లేక పుట్టింది. మాది రాసే వీలు లేక పుట్టింది.

ఫ్యాన్సీ షాపుల్లో అప్పుడు కార్డులు దండిగా వేలాడేవి. సినిమా హీరోలు, గులాబీలు, మెరుపులు చల్లిన దేవుళ్ళు. ఎక్కువ భాగం శివకాశి సరుకే. అవి కొనే డబ్బులు మా దగ్గర లేవు. ఉన్నా మామ్మ కొననిచ్చేది కాదేమో.

అట్ట కోసం బజారులో శుభలేఖలు అచ్చేసే ప్రెస్సుకి వెళ్ళేదాన్ని. అక్కడ కత్తిరించగా మిగిలిన ముక్కలు ఊరికే ఇచ్చేవారు. నేను డై అనే మాట మొదట విన్నది అక్కడే. ఉక్కు పట్టీని కావలసిన ఆకారంలో వంచి చెక్కలో దిగ్గొడతారు. దాని పక్కన రబ్బరు ముక్కలు అతికిస్తారు. ట్రెడిల్ మిషను ఒక్కసారి మూసుకుంటే అట్ట ఆ ఆకారంలో తెగుతుంది. రబ్బరు ముక్క తెగిన అట్టని బయటికి నెడుతుంది. మామ్మకి వచ్చి చెబితే “మన కజ్జికాయల చెక్కలాంటిదేకదే” అని తేల్చేసింది. అన్నట్టే గవ్వల చెక్కని కూడా పనిలోకి దించింది. కాస్త తడి చేసిన అట్టని దానిమీద పెట్టి వేలితో నొక్కితే గీతలు ఉబ్బెత్తుగా తేలేవి.

అచ్చుల్లో రాణి మాత్రం బెండకాయే. తొడిమ వైపు అడ్డంగా కోసి, తడి ఆరేదాకా ఆగి, రంగులో తేలిగ్గా అద్ది, నిటారుగా నొక్కి నిటారుగానే ఎత్తాలి. పక్కకి జరిగిందా, పువ్వు చెదిరిపోతుంది. అరటి డొప్పని అడ్డంగా కోస్తే గదులు గదులుగా అర్ధచంద్రుడు వస్తాడు. నేను పెన్సిల్ రబ్బరు మీద బ్లేడుతో ‘శుభం’ అని చెక్కేదాన్ని. అక్షరాలు తిరగేసి చెక్కాలి కాబట్టి ఒక కిటుకు వాడేదాన్ని. పల్చటి కాయితం మీద పెన్సిలుతో ముదురుగా రాసి, దాన్ని రబ్బరు మీద బోర్లించి, చెంచా వెనకవైపుతో రుద్దితే అక్షరాలు తిరగబడి దిగుతాయి. ఇక వాటి వెంట చెక్కుకుపోవడమే.

రంగులన్నీ ఇంట్లోవే. ఊదాకి బచ్చలి పళ్ళ రసం. పసుపుకి పసుపే. అందులో సున్నం కలిపితే పారాణి ఎరుపు. కుంకుమలో తుమ్మజిగురు. నీలిమందు. చివరికి, చిన్న రేకుడబ్బా మూతలో గుడ్డ మడిచి పెట్టి తయారుచేసిన ప్యాడ్, దానిమీద స్టాంపు ఇంకు. పెద్దయ్యాక రంగుల సంగతి చదువుకుంటే తెలిసింది. బచ్చలి రసంలాంటివి నీళ్ళలో కరిగి కాయితంలోకి ఇంకిపోతాయి. కుంకుమ, నీలిమందుల్లో కరగని పొడి ఉంటుంది, అది కాయితం పైనే కూర్చుంటుంది. ఇప్పుడు దుకాణాల్లో డై ఇంకు, పిగ్మెంట్ ఇంకు అని విడివిడిగా అమ్మేది ఈ తేడానే. ఇంగ్లీషులో రెండిటినీ డై అనే పలుకుతారు గానీ, ఈ డై రంగు. ప్రెస్సులోది కత్తి.

అసలు విషయం ఇంకా చెప్పలేదు. మామ్మ పువ్వులు ఊరికే వేసేది కాదు. ఇంట్లో మనిషికి ఒక పువ్వు. నాన్న, అమ్మ, నేను, తమ్ముడు. నాలుగు బెండపువ్వులు. కింద మూలన తన బొటనవేలి ముద్ర. ఆవు ఈనితే పక్కన ఒక చిన్న అర్ధచంద్రుడు. తమ్ముడు చదువుకని విజయనగరం హాస్టల్లో చేరిన ఏడాది వాడి పువ్వుని మిగతావాటికి దూరంగా, అట్ట అంచున వేసింది. 1992లో అమ్మకి ఒంట్లో బాగాలేక విశాఖపట్నంలో ఆసుపత్రిలో ఉంది. ఆ సంక్రాంతికి మామ్మ బెండకాయని రంగులో అద్దకుండానే, అంతకు ముందు నొక్కగా మిగిలిన తడితోనే అమ్మ పువ్వు వేసింది. కనబడీ కనబడనట్టు పడింది.

పన్నెండోనాడు భిలాయ్ నుంచి మామ్మ పేర రెండువందల మనియార్డరు వచ్చింది. ఆ రోజు వేలిముద్ర వేశాక మామ్మ వేలు తుడుచుకోలేదు.

1994లో అక్కడినుంచి ఒక బుక్‌పోస్టు వచ్చింది. తెల్లట్ట మీద పారాణితో అద్దిన బుజ్జి పాదం. అత్తయ్యకి మనవరాలు పుట్టిందన్నమాట. మామ్మ దాన్ని దేవుడి గూట్లో పెట్టింది. దీపం పెట్టడానికి వెళ్ళిన నాన్న దాని ముందు ఆగాడు. “ఎవరిదే ఇది?” అన్నాడు. ఎవరం మాట్లాడలేదు. ఆయన మళ్ళీ అడగలేదు. తీసెయ్యమనీ అనలేదు. సున్నం పదును పోయేకొద్దీ ఆ ఎరుపు మెల్లగా పసుపులోకి తిరిగిపోయింది. పాదం మాత్రం అలాగే ఉంది.

నా పెళ్ళయ్యాక మామ్మ తమ్ముడి చేత, వాడు లేకపోతే పక్కింటి పిల్లల చేత అడ్రసు రాయించింది. ఒక్క ఏడూ మానలేదు.

2004 చివర్లో మామ్మ పోయింది. పదిహేడేళ్ళ తర్వాత అత్తయ్య మా గడప తొక్కింది. పదోరోజు కార్యం అయ్యాక సంచిలోంచి దారంతో కట్టిన కట్ట తీసి నాన్న ముందు పెట్టింది. పదిహేడు కార్డులు. ఏటా పండగ నుంచి వేసవి దాకా క్వార్టర్లో కిటికీకి కట్టిన దారం మీద వేలాడదీసి, తర్వాత పెట్టెలో దాచేదట. ఎండ తగిలి పసుపు వెలిసిపోయింది. బచ్చలి ఊదా మట్టిరంగుకి దిగింది. నీలిమందు, కుంకుమ నిలిచాయి. అన్నిటి మీదా ఒకేలా ఉన్నది మూలనున్న వేలిముద్ర.

“అమ్మ పువ్వు లేతగా పడిన ఏడు గుర్తుందా అత్తా?” అని అడిగాను.

“గుర్తుండకేం? గుండె గుబేలుమంది. ఎవుల్ని అడగాలో తెలీలేదు. డబ్బులు పంపీసాను” అంది.

నాన్న ఒక్కో కార్డూ తీసి చూశాడు. ఒక్కోదాని మీద పువ్వులు లెక్కపెట్టాడు. ఏమీ అనలేదు. 2005 సంక్రాంతికి మాకు పండగ లేదు. అయినా నేను రెండు బెండకాయలు కోసి పెట్టుకున్నాను. నాన్న వచ్చి పక్కన కూర్చుని ఒకటి తీసుకున్నాడు. రంగు ఎక్కువ అద్ది, గట్టిగా నొక్కి, వంకరగా ఎత్తాడు. నాలుగు పువ్వుల పక్కన ఐదోది చెదిరి పడింది. “ఇది అప్పది” అన్నాడు.

మా అమ్మాయి దగ్గర ఇప్పుడు డై కటింగ్ మిషను ఉంది. రెండు రోలర్లు, ఒక పిడి. అచ్చం చెరకురసం మిషను తీరే. డై మీద అట్ట పెట్టి తిప్పితే సీతాకోకచిలుక రెక్కలతో సహా తెగి వస్తుంది. పారదర్శకంగా ఉండే స్టాంపుల్ని యాక్రిలిక్ దిమ్మెకి అంటించి కొడితే గీత కూడా చెదరదు. వాటిని నేను తక్కువ చెయ్యను. పెడనలో కలంకారీ అద్దకం చూశాను. అక్కడ టేకు అచ్చుల్లో గీతకి ఒకటి, ఒక్కో రంగుకి ఒకటి చొప్పున ఉంటాయి. తుప్పు ఇనుమూ బెల్లమూ నానబెట్టి నలుపు తీస్తారు. అచ్చు గుడ్డ మీద పెట్టి పిడికిలితో ఒక్క గుద్దు గుద్దుతారు. అంత నిక్కచ్చి పనిలోనూ ఒక అచ్చుకీ ఇంకో అచ్చుకీ వెంట్రుకవాసి తేడా ఉంటుంది. ఆ తేడాలోనే చెయ్యి కనబడుతుంది. మిషనున్నా, బెండకాయున్నా, అవతలి మనిషి వెతికేది దాన్నే. అందుకే మా అమ్మాయికి ఒకటే చెబుతాను. ఎన్ని డైలైనా వాడుకో, ఒక్కచోట మాత్రం నీ చేత్తో నొక్కమని.

తోట సంగతి ఆ ఐదో పువ్వుతో తేలిపోలేదు. 2005లోనే ఢిల్లీలో చట్టం మళ్ళీ మారి, పెళ్ళయినా కాకపోయినా కూతురు కూతురేనంది. నాన్న మాత్రం చట్టం సంగతి ఎత్తలేదు. ఆరేళ్ళు ఆలోచించి, 2011లో తాతయ్య మాట ప్రకారం సగం తోట రాసిచ్చాడు. రిజిస్ట్రారు ఆఫీసులో ఇద్దరి చేతా వేలిముద్రలు వేయించారు. అత్తయ్యకి సంతకం వచ్చినా వేలు తప్పదన్నారు. బయటికొచ్చాక ఇద్దరూ మెట్ల మీద నిలబడి, అందరూ చేసినట్టే, ఇంకు వేళ్ళని తల వెంట్రుకలకి రాసుకుంటున్నారు.

“తమ్ముడూ, మన సంతలో పండక్కి బెండకాయలు దొరుకుతున్నాయా ఇంకా?” అంది అత్తయ్య.

“దొరక్కేం? ఈసారి నువ్వే వచ్చి కోద్దువుగాని” అన్నాడు నాన్న.